అత్తయ్యగారి కొట్టుగది

ప్రశ్న: మాది కోనసీమలో, పి.గన్నవరం మండలంలో గోదారి పాయల మధ్య ఒక లంక ఊరు. ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. తుఫాను అన్నా, గోదారి పెరుగుతోందన్నా, ఆఖరికి ఫలానా సరుకు ఇక దొరకదట అని వాట్సాప్‌లో వచ్చినా మా అత్తయ్యగారు నిలవలేరు. మావారిని బండి మీద తరిమి మూటలు తెప్పిస్తారు. మొంథా తుఫానుకి ముందు రోజు 15 లీటర్ల నూనె, 10 కిలోల కందిపప్పు, 10 ఉప్పు ప్యాకెట్లు, 5 కిలోల బొంబాయి రవ్వ తెచ్చారు. రవ్వ పురుగుపట్టి పారబోశాం. పప్పు చాలావరకు పుచ్చింది. నూనె ఇంకా అలాగే ఉంది. ఇన్నెందుకండీ అంటే నీకేం తెలుసు అంటారు. అంతకుముందు ఒకసారి ఆవిడ మాట కాదని ఆగితే మర్నాటికి కొట్లో నూనె లేదు, బంగాళాదుంపలు లేవు. ఆ దెప్పులు ఇప్పటికీ వింటున్నాను. పైగా ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టాయన అలాంటి రోజుల్లో ప్యాకెట్టు మీద రాసిన ధర కన్నా పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుంటాడు. అసలు ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి, ఆవిడకెలా చెప్పాలి, ఆ కొట్టాయన్నేం చెయ్యాలి?
- ఒక కోడలు

జవాబు:

అమ్మా, మీ నాలుగు ప్రశ్నల్లో ఆవిడకెలా చెప్పాలి అన్నదే గట్టిది. అక్కణ్ణుంచే మొదలెడతాను. ముందే చెప్పేస్తున్నాను, ఈ తగువులో సగం తీర్పు మీ అత్తయ్యగారి వైపే ఇస్తున్నాను. లంకలో కాపురం ఉండే ఇంట్లో సరుకు నిలవ ఉండాల్సిందే. అమలాపురంలోనో భీమవరంలోనో మెయిన్ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళు ఏ పూటకాపూట తెచ్చుకున్నా చెల్లుతుంది. మీకు చెల్లదు. ఊళ్ళోకొచ్చే దారి, ఆ కాజ్‌వే మీదకి నీళ్ళొచ్చాయంటే కూరగాయల బండి రాదు, గ్యాసు ఆటో రాదు. పడవ ఎప్పుడు వేస్తారో, ఎప్పుడు ఆపేస్తారో మీ చేతిలో ఉండదు. ఆవిడ దగ్గర వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఊరంతా కొట్టు మీద పడే రోజునే ఆవిడా పడుతున్నారు.

మనవలున్న మనిషంటే 1986 ఆగస్టు వరద ఆవిడ కళ్ళారా చూసిందే అయ్యుండాలి. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి లేచింది. ధవళేశ్వరం బ్యారేజి నుంచి 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు కిందికి వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే పడుకున్నాయి, రోడ్ల మీద చెట్లు, పొలాల్లో కరెంటు స్తంభాలు, వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తర్వాత రోజుల్లో ఎవరింట్లో ఏముంటే అదే తిండి. మీకు కనిపించే కంగారు వాట్సాప్‌ది. ఆవిడ లోపలున్న కంగారు ఫోన్ల కన్నా పాతది. మీరు ఇన్నెందుకండీ అన్నప్పుడల్లా ఆ రోజులు జరగనే లేదన్నట్టు వినిపిస్తుంది ఆవిడకి. అందుకే నీకేం తెలుసు అంటున్నారు. నిజమే కదా, మీకు తెలీదు.

కాబట్టి ఎందుకు అని అడక్కండి. ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక, వాన గీన లేని రోజు చూసి, "అత్తయ్యగారూ, ఎనభయ్యారు వరదకి మనింట్లో ముందు ఏం అయిపోయింది?" అని అడగండి. నేను మా వైపు పెద్దవాళ్ళని ఇదే అడుగుతుంటాను. జవాబుల్లో బియ్యం మాట చాలా తక్కువ. అగ్గిపెట్టెలు మెత్తబడిపోయాయంటారు. కిరసనాయిలు అయిపోయిందంటారు. చంటిదానికి పాలు లేవని, చుట్టూ నీళ్ళే కానీ తాగడానికి గుక్కెడు లేవని, గేదెలకి గడ్డి లేక అరటి బోదెలు కోసి వేశామని చెబుతారు. ఒకావిడైతే ఆడపిల్లలకి పొడి గుడ్డలు లేక పడ్డ ఇబ్బందే చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. మీ అత్తయ్యగారు చెప్పింది కాగితం మీద రాసుకోండి. ఆవిడ ఎదురుగానే రాయండి. ఏం కొనాలి అన్న పట్టీ అక్కడే తయారవుతుంది, అది ఆవిడ పట్టీ అవుతుంది కాబట్టి దాని మీద మళ్ళీ తగువు రాదు. పదిహేను లీటర్ల నూనె ఆ పట్టీలో ఉంటుందని నేననుకోను.

ఇక ఎంత అన్న సంగతి. మనం ఎన్ని రోజులు తెగిపోతామో ముందు తేల్చుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. మామూలు ఏడాదుల్లో కాజ్‌వే నాలుగైదు రోజులు మునిగి తేలుతుంది. అందుకని పది రోజులు బయటి నుంచి ఏమీ రాకపోయినా ఇల్లు నడవాలి అని పెట్టుకోండి. అంతకు మించిన వరదొస్తే ఊరు ఖాళీ చేయించి పునరావాస కేంద్రానికి తీసుకెళ్తారు, కొట్టుగదిలో సరుకు కొట్టుగదిలోనే ఉండిపోతుంది.

ఆరుగురికి మనిషికి రోజుకి 300 గ్రాముల బియ్యం అనుకుంటే 1.8 కిలోలు, పది రోజులకి 18 కిలోలు. అంటే వాడకంలో ఒక బస్తా, విప్పని 25 కిలోల బస్తా ఇంకొకటి ఉంటే మీకు బియ్యం బెంగ లేదు. నూనె మనిషికి రోజుకి 25 మిల్లీలీటర్లు వేసుకోండి, ఆరుగురికి 150, పది రోజులకి లీటరున్నర. వాడుతున్నది కాక రెండు ప్యాకెట్లు చాలు. మొన్న తెచ్చిన 15 లీటర్లు ఈ లెక్కన వంద రోజుల నూనె. ఉప్పు ఇంకా తమాషా. మనిషికి రోజుకి 5 గ్రాములకి మించొద్దని డాక్టర్లు చెబుతారు. ఆరుగురికి 30 గ్రాములు, కిలో ప్యాకెట్టు నెల పైన వస్తుంది. పది ప్యాకెట్లంటే పదకొండు నెలలు. ఉప్పు పాడవదు కాబట్టి దాని గురించి బాధపడకండి, ఈసారి ఆవకాయకి పనికొస్తుంది. పప్పులో కంది 2 కిలోలు, పెసరపప్పు ఒక కిలో ఉంచండి. పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది, గ్యాసు ఆదా. అటుకులు, బెల్లం, వేరుశనగ పప్పు కొంచెం కొంచెం పెట్టుకోండి, పొయ్యి వెలగని పూట పిల్లల కడుపు నిండుతుంది. బంగాళాదుంపలు దొరకలేదని మీకు పడ్డ దెప్పుల గురించి ఒక మాట. లంకలో ఉండి బంగాళాదుంపల కోసం కొట్టు ముందు నిలబడటం ఏమిటమ్మా? కంద, చేమదుంప, పెండలం, గుమ్మడికాయ అన్నీ మీ మట్టిలో కాసేవే, గాలి తగిలే చోట పెడితే వారాల తరబడి ఉంటాయి. ఎండుచేపలు తినే ఇల్లైతే ఎండురొయ్యలు ఒక డబ్బా. కందిపొడి, ఊరమిరపకాయలు, వడియాలు ఎలాగూ ఉంటాయి.

మీ ఉత్తరంలో అసలు కనపడని సరుకు మంచినీళ్ళు. మనిషికి రోజుకి 3 లీటర్లు తాగడానికీ వంటకీ అనుకున్నా మీ ఇంటికి 18 లీటర్లు, అంటే రోజుకి ఒక క్యాను. ఊళ్ళో ప్లాంటు కరెంటుతో నడుస్తుంది, కరెంటు పోయిన మర్నాడే క్యాన్లు ఆగిపోతాయి. జూలై నుంచి డిసెంబరు దాకా మూతలున్న క్యాన్లు నాలుగైదు నిండుగా ఉంచుకుని, వారానికోసారి మారుస్తూ ఉండండి. క్లోరిన్ బిళ్ళలు పంచాయతీలోనో ఆశా కార్యకర్త దగ్గరో అడిగి ముందే తెచ్చుకోండి. పెద్దవాళ్ళు బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే అవి నెలకి సరిపడా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు మూత డబ్బాలో, కొవ్వొత్తులు, టార్చి బ్యాటరీలు, ఆడవాళ్ళ ప్యాడ్లు. ఇవన్నీ కలిపి వేసినా ఆ పదిహేను లీటర్ల నూనె ఖరీదు కన్నా పెద్ద ఎక్కువ కాదు. పాల సంగతి లంకల్లో వేరు. పక్కింట్లో గేదె ఉంటే చిన్న వరదకి పాలకి కొదవుండదు, ఒడ్డు దాటించి డెయిరీకి పోయలేక వాళ్ళే మీకు ఇస్తామంటారు. నీళ్ళు మరీ పైకొచ్చి పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలుకుపోతేనే ఇబ్బంది. ఆ రోజు కోసం పాలపొడి ప్యాకెట్టు ఒకటి చాలు.

గ్యాసు ఉంది. మన కాళ్ళ కిందే గ్యాసు తోడతారు గానీ సిలిండరు మాత్రం ఒడ్డు దాటి ఆటోలో రావాలి, కోనసీమ వాళ్ళ అదృష్టం అది! రెండో సిలిండరు లేకపోతే ఏజెన్సీలో అడిగి పెట్టించుకోండి. జూన్ నుంచి అది నిండుగా ఉండాలి. ఇంట్లోకి నీళ్ళొచ్చే సూచన కనిపిస్తే రెగ్యులేటరు తీసేసి సిలిండర్ని కిటికీ చువ్వకి తాడుతో కట్టండి. నిండు సిలిండరు కూడా నీళ్ళలో తేలుతుంది, కొట్టుకుపోతుంది.

ఎప్పుడు కొనాలి అన్నదానికి మన పెద్దవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది, మీ అత్తయ్యగారికి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. కొత్త కంది సంక్రాంతి చుట్టుపక్కల వస్తుంది. చింతపండు శివరాత్రి అటూ ఇటూ. వరి కోతల వేళ చేలో చల్లిన మినుము, పెసర కూడా ఆ రోజుల్లోనే ఇంటికొస్తాయి. గుంటూరు మిరప మార్చి, ఏప్రిల్. దాళ్వా, అంటే రెండో పంట వడ్లు ఏప్రిల్. ఏ సరుకు పంటకొచ్చినప్పుడు ఆ సరుకు ఏడాదికి తీసుకుని, వేసవి ఎండలో ఎండబోసి, డబ్బాలకెక్కించి, ఆవకాయ పెట్టడంతో ఆ పని ముగించేవారు. గోదారి ఎర్రబడే వేళకి ఇంట్లో కొనాల్సిందేమీ మిగిలేది కాదు. ఇప్పుడు ఏడాది సరుకు ఎవరూ కొననక్కర్లేదు, అంత డబ్బూ చోటూ అందరికీ ఉండవు. కానీ ఆ పట్టీలో సరుకంతా జూన్ నెలాఖరుకి ఇంట్లో ఉండాలన్న గడువు మాత్రం ఇప్పటికీ సరైనదే. 2022లో అంత పెద్ద వరద జూలై రెండో వారానికే వచ్చేసింది, ఆగస్టు దాకా ఆగలేదు. ఒకేసారి కొనలేకపోతే మే, జూన్ నెలల్లో ప్రతి వారం మామూలు సరుకులతో పాటు ఒకటో రెండో అదనంగా వేయించుకోండి. మళ్ళీ దసరా నాటికి ఒకసారి చూసుకుని తగ్గినవి నింపండి, అక్కణ్ణుంచి తుఫాన్ల కాలం. రేషన్ బియ్యం తీసుకునే ఇల్లైతే ఈ నెలల్లో 15వ తేదీ దాకా చూడకుండా మొదటి రెండు మూడు రోజుల్లోనే తెచ్చేసుకోండి.

ఇలా చేస్తే హెచ్చరిక వచ్చిన రోజు మీవారు బండి తీయక్కర్లేదా అంటే, తీయొచ్చు. మన దగ్గర నిజమైన ఆపద చెప్పే వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరానికి రావడానికి కొంత వ్యవధి ఉంటుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. మీ కాజ్‌వే ఏ హెచ్చరిక దగ్గర మునుగుతుందో ఊళ్ళో పడవవాళ్ళకి అడుగుతో సహా తెలుసు. అది కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి. భద్రాచలంలో రెండో హెచ్చరిక అన్నారంటే ఆ పూటే వెళ్ళి పచ్చిమిరపకాయలు, టమాటాలు, రొట్టె, బండిలో పెట్రోలు, పెద్దవాళ్ళ మందుల్లో తగ్గినవి తెచ్చుకుంటే సరి, సంచి ఒకటే చాలు. తుఫానైతే వాతావరణ శాఖ తీరం దాటడానికి 48 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక వస్తుంది. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి మూడు రోజుల ముందు నుంచే కబురుంది. మీవారు ముందు రోజు వెళ్ళారు, మిగతా ఊరంతా కూడా ముందు రోజే వెళ్ళింది.

అలా వెళ్తే ఏమవుతుందో లెక్కేసి చూడండి. మీ ఊళ్ళో 200 గడపలనుకుందాం. మామూలుగా కొట్లో రోజుకి పాతికో ముప్ఫయ్యో నూనె ప్యాకెట్లు కదులుతాయి. కొట్టాయన నాలుగు రోజులకి సరిపడా వంద తెచ్చి పెడతాడు, అంతకన్నా పెట్టుబడి పెట్టలేడు. హెచ్చరిక రోజు ప్రతి గడపా రెండేసి అడిగితే 400 కావాలి. జిల్లాలో నూనె కొరత లేదు, రాజమండ్రి గోదాముల్లో డబ్బాలకి డబ్బాలు ఉంటాయి. ఆ పొద్దు ఆ కొట్లో లేవు, అంతే. లేవని ఒకరు చెప్పగానే రెండు కావాల్సినవాళ్ళు పక్క ఊళ్ళో ఐదు కొంటారు. మీ అత్తయ్యగారు తెచ్చిన పదిహేనులో పన్నెండు అక్కర్లేనివే, ఆ పన్నెండూ రోజు కూలికెళ్ళొచ్చి సాయంత్రం పావు కిలో పప్పు, వంద గ్రాముల నూనె చిల్లరగా కొనుక్కునే మనిషికి దొరకాల్సినవి. ముందే కొనిపెట్టుకోవడానికి ఆ కూలి మనిషి దగ్గర డబ్బుండదు, ఉంటే జూన్‌లోనే కొనేది. ఈ మాట మీ అత్తయ్యగారికి మీరు చెప్పకండి, కోడలి నోట బాగుండదు. మావయ్యగారి చేత చెప్పించండి.

ఇక వాట్సాప్ కబుర్లు. వీటిలో రెండు రకాలుంటాయి. మొదటిది వట్టి పుకారు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయిన రెండు మూడు రోజులకే ఉప్పు దొరకదన్న పుకారు ఉత్తరాదిలో పుట్టి హైదరాబాదు దాకా వచ్చింది. కిలో ఉప్పు వందల రూపాయలకి కొన్నవాళ్ళున్నారు. దేశంలో ఉప్పు చాలావరకు గుజరాత్ నుంచి వస్తుంటే, మన రాష్ట్రంలోనే నౌపడా, చినగంజాం ఉప్పు మడులుంటే, ఆ ఉప్పు ఎక్కడికి పోతుందని ఒక్క నిమిషం ఎవరూ ఆలోచించలేదు. రెండోది సగం నిజం. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇండియన్ కొట్ల ముందు వరసలు కట్టి సోనామసూరి బస్తాలు కార్లలో వేసుకున్నారు, మనిషికి ఒకటే అని బోర్డులు పెట్టారు. వాళ్ళ కంగారుకి అర్థముంది, వాళ్ళకి బియ్యం ఓడల మీద వెళ్ళాలి. ఆ వీడియోలు చూసి ఇక్కడ మనం కంగారు పడటానికి మాత్రం అర్థం లేదు. ఎగుమతి ఆగితే బియ్యం దేశంలోనే మిగులుతుంది. మార్టేరులో పుట్టిన స్వర్ణ దేశమంతా పండుతుంటే, మండపేట మిల్లులు తిరుగుతుంటే, కాకినాడ రేవు నుంచి బియ్యం ఓడలకెక్కుతుంటే గోదారి జిల్లాల్లో బియ్యానికి కరువొస్తుందనే మెసేజి ఎవరు పంపినా నమ్మకండి.

ధర పెరిగే సరుకు మాట వేరే. 2019 చివర్లో ఉల్లిపాయలు కిలో వంద దాటాయి, రైతుబజార్లలో 25 రూపాయల ఉల్లి కోసం బారులు తీరారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె లీటరు 200 దాటింది. 2023లో టమాటా. ఇవి పుకార్లు కావు, కానీ వీటికి నిలవ చేయడం మందు కాదు. ఉల్లి, టమాటా ఇంట్లో కుళ్ళిపోతాయి. ఆ నాలుగు వారాలు తగ్గించి వండటమే. చింతపండు ఉన్న ఇంట్లో టమాటా లేదని పులుసు ఆగదు. పామాయిలో వేరుశనగ నూనో వాడినంత మాత్రాన వంట చెడదు.

ఇంట్లో ఇప్పుడున్న సరుకు సంగతి కూడా చూద్దాం. నూనె ప్యాకెట్ల మీద తేదీలు చూసి, ముందు గడువు తీరేవి ముందుకు పెట్టండి. వంద రోజుల నూనె ఒక్క ఇల్లే వాడక్కర్లేదు. పక్కవాళ్ళు చేబదులు అడిగితే కాదనకుండా ఇచ్చేయండి, తర్వాత తిరిగొచ్చేది కొత్త తేదీ ప్యాకెట్టు. విప్పనివి నాలుగైదు ఉంటే కొట్టాయన్నే వెనక్కి తీసుకోమనండి, ఖాతా ఉన్న ఇంటికి కాదనడు. పప్పుని గట్టి ఎండలో పోసి, చేటతో చెరిగి, పుచ్చినవి ఏరేయండి. మిగిలింది దోరగా వేయించి కందిపొడి కొట్టేయండి. ముక్కిన వాసనొస్తే మాత్రం మొహమాటపడకుండా పారేయండి. ఈసారి పప్పు కొన్నాక ఎండబెట్టి, చెంచాడు ఆముదం పట్టించి డబ్బాకెక్కించండి. బియ్యంలో ఎండిన వేపాకు చాలు. బియ్యం ఒక్కటే నిలవుంటే గుణం పెరిగే సరుకు, పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని మీకు చెప్పక్కర్లేదు. బొంబాయి రవ్వ, మైదా, గోధుమపిండి వానాకాలం గాలికి నెలలోనే పురుగు పడతాయి, అవి కిలోకి మించి ఎప్పుడూ వద్దు. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. పురుగు చావాలని గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంట్లో బియ్యం బస్తాల మధ్య పెడుతుంటారు కొందరు. వాటి నుంచి వచ్చే గాలికి మనుషులు చచ్చిపోతారు. పిల్లలు పడుకునే ఇంట్లోకి వాటిని రానివ్వకండి.

కొత్తవి వెనక, పాతవి ముందు అనే పద్ధతి పెట్టి ఆ కొట్టుగది తాళం మీ అత్తయ్యగారి చేతికే ఇవ్వండి. నెలకోసారి పట్టీ చూసి ఏది తగ్గిందో చెప్పే పని ఆవిడది, వేయించే పని మీవారిది. తన కళ్ళ ముందు పది రోజుల సరుకు కనిపిస్తూ ఉంటే ఏ మెసేజి వచ్చినా ఆవిడకి తరమాల్సిన పనుండదు. మొదటి వరదకి కాస్త నసుగుతారు. ఓ రెండు ప్యాకెట్లు అదనంగా తెమ్మంటే తెచ్చేయండి, పంతానికి పోకండి.

చివరగా కొట్టాయన. ప్యాకెట్టు మీద రాసిన గరిష్ఠ ధర కన్నా పైసా ఎక్కువ తీసుకున్నా చట్టరీత్యా తప్పే, తుఫానైనా వరదైనా మినహాయింపు లేదు. బిల్లు, ప్యాకెట్టు ఫోటో ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు, జిల్లా తూనికలు కొలతల శాఖకి రాసివ్వొచ్చు. విడిగా తూచి ఇచ్చే పప్పుకీ ఉల్లికీ ఆ ధర ముద్ర ఉండదు, అక్కడ ఈ మాట పనిచెయ్యదు. ఇదంతా మీ హక్కు. అయితే ఒకే కొట్టున్న ఊళ్ళో, మీ ఇంటికి అరువిచ్చే మనిషి మీద మొదటి రోజే ఫిర్యాదు పెట్టమని నేను చెప్పను. ఆయనా ఆ రోజు పడవ కూలీ, ఆటో బాడుగ రెట్టింపు ఇచ్చి తెచ్చి ఉండొచ్చు. అలాగైతే ఆ ఖర్చు ఎంతో నోటితో చెప్పి, విడి సరుకులో సర్దుకోమనండి, ప్యాకెట్టు ధర మీద చెయ్యి వెయ్యొద్దనండి. మీవారు, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగు కలిసి ఈ మాట అంటే బరువుంటుంది. ఇంటికి రెండు ప్యాకెట్లకి మించి అమ్మొద్దని కూడా అప్పుడే అడగండి, ఒకరికే పదిహేను ఇచ్చే పద్ధతి ఆయన మానుకుంటే సగం రద్దీ తగ్గుతుంది. వినకపోతే 1915 ఎటూ ఉంది. ఈ మాట కదపాల్సింది మాత్రం జనం విరగబడ్డ రోజున కాదు, నెల మొదట్లో ఖాతా కట్టడానికి వెళ్ళినప్పుడు.